ఎదురింటి దారి విచారణలో ఉన్నది

సోమవారం, 4

ఏ కార్యమైనను తగిన విధానము లేక ఆరంభించుట అరాచకమునకు దారితీయును గనుక, ఈ డైరీ రాయు పద్ధతిని ముందుగా నిర్ణయించడమైనది. ఇందులో కోపము మాత్రమే నమోదు చేయవలెను. ఇతర భావములు కలిగినచో వాటికి వేరే పుస్తకము కొనవలెను. బూతులు నిషిద్ధము; తప్పనిసరి అయిన చోట చుక్కలు పెట్టవచ్చును. ఈ పుస్తకమును రాయువాడు తప్ప అన్యులు చదవరాదు. రాయువాడు సైతము రక్తపోటు హెచ్చుగా ఉన్న సమయమున చదవరాదు. ఈ నిబంధనలు తక్షణమే అమలులోనికి వచ్చును.

ఇదంతా డాక్టరు పుణ్యం. నా జబ్బకు పట్టీ చుట్టి, అంకె చూసి, ఏం ఉద్యోగమని అడిగాడు. రోడ్ల శాఖలో నిబంధనల విభాగానికి పర్యవేక్షకుణ్ణని చెప్పాను. జబ్బు దొరికినట్టు తల ఊపాడు. కోపం వస్తే మింగవద్దనీ, ఎవరి మీదా కక్కవద్దనీ, ఒక పుస్తకంలో రాసుకోమనీ చెప్పి పంపించాడు. యాభై మూడేళ్ళ మనిషికి ఇంటిపని ఇచ్చి పంపినందుకు కలిగిన కోపం ఈ పుస్తకంలో మొదటి నమోదు.

రెండవది ఈ రోజుదే. మా ఇంటి ముందున్న రోడ్డును పోయిన ఏడు వెడల్పు చేశారు. ఇప్పుడు దాని నడుమ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఛాతీ ఎత్తున ఇనుప కంచె నిలబెట్టి ఈ ఉదయం ప్రారంభించారు. కంచెకు ప్రారంభమేమిటని అడగకూడదు. మా శాఖాధిపతిని ఆఫీసులో అందరం చాటుగా రిబ్బను గారు అంటాం. చేతిలో కత్తెర ఉన్న రోజునే ఆయన ప్రశాంతంగా ఉంటాడు. ఇకమీదట ఈ రోడ్డుపై ఒక్క పాదచారి కూడా ప్రమాదానికి గురికాడనీ, ఎందుకంటే ఒక్క పాదచారి కూడా రోడ్డు మీదికి రాలేడనీ ఆయన ప్రసంగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఉత్తర్వులో "పాదచారుల శ్రేయస్సును దృష్టిలో ఉంచుకొని" అన్న మాట నేను చేర్చినదే. వాక్యంగా దానిలో లోపమేమీ లేదు.

అమ్మ మా గేటు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది. రోడ్డుకు అవతలి వరుసలో, సరిగ్గా మా గేటుకు ఎదురుగా, పిన్ని ఇల్లు. పిన్నికి పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పటి నుంచి అమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రోడ్డు దాటి వెళ్ళి, మెత్తగా కలిపిన అన్నం చెల్లెలికి తినిపించి వస్తుంది. పిన్ని ఇంకొకరి చేతి ముద్ద ముట్టదు. కొడుకు పెట్టినా, నర్సు పెట్టినా మూతి బిగిస్తుంది. అమ్మ పెడితే తింటుంది. తింటూ, తిరిగిన మేరకు నాలుకతో అమ్మను తిడుతుంది. అమ్మ తిరిగి తిడుతుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడమంటే చిన్నప్పటి నుంచీ అదే.

"దాటేదెక్కడరా?" అని అడిగింది అమ్మ.

కాలివంతెన చూపించాను. అది బజారు మలుపు దగ్గర, రెండంతస్తుల ఎత్తున, నిట్టనిలువు మెట్లతో ఉన్నది. అమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అది నాకా, మేకలకా?"

మంగళవారం, 5

కాలివంతెనపై ప్రయోగాత్మక ఆరోహణ నిర్వహించడమైనది. ఫలితము దిగువ విధముగా ఉన్నది.

అమ్మ మోకాళ్ళు సమతలం మీద ఎవరి మోకాళ్ళకూ తీసిపోవు. నడక మొదలుపెట్టిందంటే నేను వెనుకబడతాను. మెట్టు కనిపిస్తే మాత్రం ఆ మోకాళ్ళు పని మానేస్తాయి. మొదటి మలుపు దాకా ఎక్కి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. వెనుక జనం ఆగారు. ఒకాయన, ముసలివాళ్ళను ఇంట్లో ఉంచుకోవాలి గానీ ఇలా తిప్పుతారా అని నాకు బుద్ధి చెప్పాడు. ఆయనకు చెప్పవలసిన సమాధానం ఇదిగో: ............

దిగి వచ్చి ఆటోను పిలిచాను. బండి అవతలి వైపుకు రావాలంటే ఊరి చివర యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి. ఆటోవాడు ఎక్కడికని అడిగాడు. ఎదురింటికి అన్నాను. ముందు నన్ను చూశాడు, తరువాత ఎదురింటిని చూశాడు, తరువాత చక్కా పోయాడు. పోనీ నా స్కూటరు ఎక్కమంటే అమ్మ ఒప్పుకోలేదు. ఎదురింటికి బండెక్కి వచ్చిందని తెలిస్తే చెల్లెలు చచ్చేదాకా దెప్పుతుందట.

చివరకు మా ఆవిడ డబ్బా తీసుకుని వంతెన ఎక్కి దిగి వెళ్ళింది. అంత దూరమూ మోసిన డబ్బాను నిండుగానే వెనక్కి మోసుకొచ్చింది. సాయంత్రం తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఫోను చేశాడు. పిన్ని గోడ వైపుకు తిరిగి పడుకున్నదట. ఎవరు పిలిచినా పలకడం లేదట.

బుధవారం, 6

పిన్ని ఈ రోజూ తినలేదు. వారం తిరిగేలోగా తినకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళి ముక్కులోంచి గొట్టం వేయాలని నర్సు అన్నదట. గొట్టం పడ్డాక తీయించుకున్నవాళ్ళను తాను చూడలేదని కూడా అన్నదట. ఈ సంగతి అమ్మకు చెప్పవద్దని తమ్ముడితో అన్నాను. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది.

రక్తపోటు చూసుకోలేదు. చూసుకుంటే పెరుగుతుంది.

గురువారం, 7

ఈ శాఖలో ముప్పై ఏళ్ళుగా ఉన్నవాడిని. విధానము అనునది ఒకటి ఉన్నదని, దానిని అనుసరించినవానికి అన్యాయము జరగదని నా దృఢవిశ్వాసము. కనుక మా వీధి ఎదుట కంచెలో మనిషి పట్టేంత సందు వదలవలసినదిగా కోరుతూ విన్నపము తయారు చేసి, సొంత ఇల్లు అక్కడే ఉన్నదన్న సంగతి దాచకుండా రాసి, స్వయంగా రిబ్బను గారి ముందు పెట్టాను.

ఆయన మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. అమ్మ ఆరోగ్యం అడిగాడు. అందరికీ అమ్మలుంటారనీ, ఒక్కొక్క అమ్మకు ఒక్కొక్క సందు వదులుకుంటూ పోతే అది కంచె కాదు, దువ్వెన అవుతుందనీ అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. అయినా అవసరం రుజువైతే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. మా విధానం ప్రకారం అవసరాన్ని రుజువు చేసేది పాదచారుల గణన. ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ చోట రోడ్డు దాటేవాళ్ళను లెక్కపెడతాడు. రేపే వేయిస్తానని మాట ఇచ్చాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను, విధానం కదిలిందని. అమ్మ వింటూనే మెట్ల కింద దేని కోసమో వెతుకుతున్నది. నాన్న పోయాక ఆయన పంపు రిపేరు సామాను అక్కడే పడి ఉంది.

శుక్రవారం, 8

గణన జరిగింది. మా శాఖ కొలతలాయన స్వయంగా, గొడుగు కింద, పొద్దున మొదలుకొని సాయంత్రం దాకా మా వీధి మలుపులో కూర్చున్నాడు. నిజాయితీపరుడు, నీళ్ళ సీసాకు కూడా లేవలేదు. నివేదిక ఒక్క వాక్యం: ఈ ప్రదేశమున రోడ్డు దాటు పాదచారులు లేరు.

కంచె ఉండగా ఎలా దాటుతారండీ అని అడిగాను.

"దాటడం లేదనే కదండీ నేనూ రాశాను" అన్నాడు కొలతలాయన. ఎంతో నెమ్మదిగా, పసిపిల్లవాడికి చెప్పినట్టు అన్నాడు.

దాటాలనుకుని దాటలేనివాళ్ళను లెక్కపెట్టే గడి లేదా అని అడిగాను. అనుకోవడాన్ని లెక్కపెట్టే పరికరం శాఖకు ఇంకా రాలేదన్నాడు. రిబ్బను గారు నివేదిక చదివి చాలా సంతోషించాడు. సందు అవసరం లేదని రుజువైంది. కంచె పనిచేస్తున్నదనీ రుజువైంది. ఒకే కాగితంతో రెండు పనులు జరగడం ఈ శాఖలో అరుదు. దాన్ని పై ఆఫీసుకు విజయగాథగా పంపమన్నాడు. ఆ కవరు లేఖ రాయవలసింది నిబంధనల విభాగం. రాశాను. భాషలో లోపం లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు స్కూటరును కంచె వెంబడి, దానికి కాలు తగిలేంత దగ్గరగా నడిపాను. ఒక చోట తన్నాను కూడా. కాలు వాచింది. కంచె బాగానే ఉంది.

శనివారం, 9

శుభవార్త. నిబంధన ప్రకారం ఇది ఈ పుస్తకంలో ఉండకూడదు. కాని వేరే పుస్తకం ఇంకా కొనలేదు. పిన్ని తిన్నదట. నిన్న సాయంత్రం కొంచెం, ఈ పొద్దున డబ్బా అంతా. తమ్ముడు ఫోనులో నవ్వుతున్నాడు. ఎవరు తినిపించారంటే నసిగి, అదేలే అన్నయ్యా, తిన్నది కదా అని పెట్టేశాడు.

మా ఆవిడే చివరకు పిన్నిని దారికి తెచ్చిందని గ్రహించి మెచ్చుకున్నాను. ఓర్పు ఉంటే సాధించలేనిది లేదన్నాను. ఆవిడ నా మొహంలోకి ఓసారి చూసి, కూరగాయలు తరుక్కోవడానికి వెళ్ళిపోయింది. పొగడ్త అంటే ఆవిడకు మొదటి నుంచీ సిగ్గు.

అమ్మ కొంగుకు నల్లటి గ్రీజు మరక. వయసు మీద పడితే ఎక్కడ కూర్చుంటున్నారో తెలియదు.

ఆదివారం, 10

మేడ మీద బట్టలారేసే తీగ కిందికి జారుతున్నదని ఎన్నాళ్ళుగానో చెబుతున్నాను. ఈ రోజు ఎక్కి చూస్తే ఎవరో మంచి ఇనుపకడ్డీ పోటు పెట్టారు. గట్టి ఇనుము. పసుపు మీద నల్లచారలు, అచ్చం మా శాఖ రంగులు. ఈ మధ్య అందరూ ఆ రంగే వాడుతున్నారు కాబోలు.

కోపం: లేదు. ఎందుకు లేదో తెలియడం లేదు. తలనొప్పిగా ఉంది.

మంగళవారం, 12

ప్రభుత్వ ఆస్తి ధ్వంసము. మా వీధి ఎదుట మధ్య కంచెలో ఒక కడ్డీని దుండగులు అపహరించినట్లు గస్తీ సిబ్బంది నివేదించినారు. విషయమును సమగ్రముగా విచారించి నేరస్థులను గుర్తించవలసినదిగా దిగువ సంతకందారును విచారణాధికారిగా నియమించడమైనది. ఆ ప్రాంతవాసిని అవడం నా అర్హత. రిబ్బను గారు ఉత్తర్వులో "సమగ్రముగా" అన్న మాట కింద తన పెన్నుతో గీత గీసి ఇచ్చాడు.

సాయంత్రం ప్రాథమిక నివేదిక చిత్తు తయారు చేసి, వినడానికి ఎలా ఉందో చూసుకోవడానికి పైకి చదివాను. నట్టు శుభ్రంగా విప్పి ఉన్నందున దుండగులు పానా వాడుటలో ఆరితేరినవారు, కడ్డీ బరువును బట్టి కనీసం ఇద్దరు, బలిష్ఠులు, యువకులు, బహుశా మత్తులో ఉన్నవారు. అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతూ విన్నది.

"దొరికితే ఏం చేస్తార్రా వాళ్ళని?"

జైల్లో వేస్తారన్నాను.

"రెండు పూటలా అన్నం పెడతారా జైల్లో?"

పెడతారన్నాను.

"మీ కంచె కంటే నయమే అయితే" అంది అమ్మ, రాయి ఒకటి ఏరి పారేస్తూ.

మా ఆవిడకు లోపలి గదిలో ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది.

బుధవారం, 13

విచారణ. మలుపులో సైకిలు షాపతణ్ణి అడిగాను, కడ్డీ తీసినవాళ్ళను చూశావా అని. చూడలేదన్నాడు. ఎదుటనే షాపు కదా, ఎలా చూడలేదు అన్నాను. ఆ సమయంలో తాను కిందికి చూస్తున్నానన్నాడు. ఏ సమయంలో అన్నాను. మీరడిగే సమయంలో అన్నాడు.

నేను అక్కడ నిలబడి ఉన్న కాసేపట్లోనే ఎగువన సిగ్నలు ఎరుపు పడి రోడ్డు ఖాళీ అయినప్పుడల్లా ఆ సందులోంచి జనం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దాటారు. పిన్ని దగ్గరికి వచ్చే నర్సు దాటింది. కుట్టుపని ఆవిడ బట్టల మూటతో దాటింది. బడి పంతులు దాటి, నన్ను గుర్తుపట్టి, దాటనట్టుగా వెనక్కి దాటి, నేను అటు తిరిగాక మళ్ళీ దాటాడు. వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు? ఉన్నచోటే ఉన్నారు. శుక్రవారం నాటి గణనలో వీళ్ళు లేరు.

నాకు వెంటనే ఒక ఆలోచన వచ్చింది. ఆఫీసుకు పరుగెత్తి రెండవ గణన కోరాను. ఇప్పుడు లెక్కపెట్టండి, అవసరం రుజువవుతుంది అన్నాను. రిబ్బను గారు ఎంతో ఉదారంగా సరే అన్నాడు.

గురువారం, 14

రెండవ గణన ఫలితం వచ్చింది. లెక్కపెట్టే యంత్రం నొక్కీ నొక్కీ కొలతలాయన బొటనవేలు బొబ్బెక్కింది. నివేదిక: ఈ ప్రదేశమున అధిక సంఖ్యలో పాదచారులు చట్టవిరుద్ధముగా రోడ్డు దాటుచున్నారు. కావున కంచె ఎత్తు పెంచి, కడ్డీలను వెల్డింగు చేసి, వలను బిగించవలెను. సోమవారం ఉదయం పని. రిబ్బను గారు స్వయంగా వస్తాడు.

దాటకపోతే అవసరం లేదు. దాటితే నేరం. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన రాసి ఆయనకు చూపించాను. రెండూ సక్రమంగానే ఉన్నాయి కదా అన్నాడు. సక్రమంగానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి వాక్యాలను సరిచేసి, కామాలు పెట్టి పంపుతున్నాను; ఒక్కటి కూడా తిరిగి వచ్చి ఇలా నా గేటు ముందు నిలబడలేదు.

శుక్రవారం, 15

సోమవారం తరువాత సందు ఉండదు గనుక మా ఆవిడకూ ఇబ్బంది అవుతుందని, ఈ సంగతి పిన్నికి, తమ్ముడికి నేనే నచ్చజెప్పాలని బయలుదేరాను. అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఎక్కడికిరా అంటే పిన్నిని చూసొస్తానన్నాను. మంచిది అంది. నేను స్కూటరు తీసి ఊరి చివర యూటర్న్ దాకా పోయి, అక్కడ లారీల వెనుక ఇరుక్కుని, తిరిగి వచ్చి, పిన్ని ఇంటి ముందు బండి ఆపి, లోపలికి వెళ్ళాను.

అమ్మ పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. డబ్బా సగం ఖాళీ అయింది.

ఇటువంటి సందర్భంలో ఏమనాలో ఏ నియమావళిలోనూ లేదు. నువ్వెప్పుడొచ్చావే అమ్మా అన్నాను.

"నడిచొచ్చాను. నువ్వు బండి మీద వచ్చావుగా, ఆలస్యం కాదూ మరి?"

ఆవిడ పక్కన మంచం మీద, కలిపిన అన్నం పక్కనే, నాన్న పానా ఉంది. తమ్ముడు నా మొహం చూడలేక కిటికీ తలుపు నూనె లేక కిర్రుమంటున్నదని దాన్ని తెరిచి మూస్తున్నాడు. నేను విచారణాధికారిని కనుక కడ్డీ తీసినది ఎవరు, ఎలా అని అడిగాను. నాకు తెలిసిందే అడిగాను. ఆదివారం మేడ మీద ఆ కడ్డీని చూసినప్పుడే తెలుసు. తెలుసని ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మ ఏ తడబాటూ లేకుండా చెప్పింది. నాన్న పంపు కింద దూరితే ఏళ్ళ తరబడి పానాలు అందించింది ఆవిడే కాబట్టి, నట్టు తిప్పడం కష్టం కాలేదట. మొన్న శుక్రవారం కొలతలాయన గొడుగు మడిచి పోయాక, సిగ్నలు పడగానే వెళ్ళి, కంచె నీడలో కూర్చుని విప్పిందట. ఒక్క సిగ్నలుకు కాలేదు. మూడు సిగ్నళ్ళు పట్టిందట. కడ్డీని తిరిగి బిగించడం దండగని ఇంటికి తెచ్చుకుందట. మేడ మీదికి చేర్చింది మా ఆవిడట.

ఏదైనా బండి గుద్దితే ఏం కావాలని అడిగాను. నా గొంతు పెద్దదైంది. ఈ పుస్తకంలో ఉండవలసిన కోపమంతా అక్కడ, ఆ మంచం ముందు, ఆవిడ మీదే బయటికి వచ్చింది. బుద్ధుందా అన్నాను. నా ఉద్యోగం పోతుందన్నాను. ఆ మాట ముందు అన్నాను, బండి గుద్దుతుందన్న మాట తరువాత అన్నాను. వరుస సరిగ్గా నమోదు చేయడం మంచిది.

అమ్మ ముద్ద కలపడం ఆపలేదు.

"రోడ్డు మీ ఆఫీసుదే కావచ్చురా. అవతల ఉన్నది మాత్రం నా చెల్లెలు. నేనేమీ నిన్ను మొయ్యమనలేదు, మీ ఆవిణ్ణి మొయ్యమనలేదు. నా కాళ్ళతో నేనొస్తున్నాను. దానికి కూడా మీ సంతకం కావాలా?"

పిన్ని అంతసేపూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నది. నోరు ఒక పక్కే కదులుతుంది. ఆ పక్కతోనే నవ్వి, అమ్మ వైపు వేలు చూపించి, కష్టపడి ఒక్క మాట అంది.

"దొంగ."

"నోరు మూసుకుని తిను" అంది అమ్మ. పిన్ని నోరు తెరిచింది.

శనివారం, 16

ఈ నాటి నమోదు కొట్టివేయడమైనది.

ఆదివారం, 17

కొట్టివేసినది మళ్ళీ రాస్తున్నాను. నిన్న అమ్మను ఇంట్లోనే ఉండమన్నాను. సోమవారం ఎలాగూ మూసేస్తారు, ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమన్నాను. అమ్మ విన్నది. నిజంగానే వెళ్ళలేదు. గేటు దగ్గర నిలబడి, డబ్బా పట్టుకుని, పొద్దంతా నిలబడింది. అవతల తమ్ముడు తలుపు తీసి మంచాన్ని గుమ్మం దాకా జరిపాడు, వాళ్ళిద్దరూ కనీసం ఒకరికొకరు కనపడాలని. మధ్యలో లారీలు. పిన్ని తినలేదు. ఈ రోజూ తినలేదు.

మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసి, అత్తయ్యతో మాత్రమే, నాకు వినపడేలా మాట్లాడుతున్నది. ఈ ఇంట్లో ఒకరు తప్ప అందరూ మనుషులే అత్తయ్యా అన్నది. ఎవరా ఒకరు అని అమ్మ అడగలేదు.

సోమవారం, 18

వివరంగా రాయాలి. అక్షరాలు వంకరగా ఉంటే అది కోపమే గాని భయం కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

పొద్దున వెల్డింగు బండి వచ్చింది. వల చుట్టలు దింపారు. సందుకు అడ్డంగా కొత్త రిబ్బను కట్టారు. మూసివేతకు కూడా రిబ్బను ఉంటుందని అప్పుడే తెలిసింది. మా వైపు సగం రోడ్డును తారు పీపాలు అడ్డుపెట్టి ఆపేశారు. రిబ్బను గారు కత్తెరతో, కొలతలాయన టేపుతో, నేను విచారణ ఫైలుతో నిలబడ్డాం. వెల్డరు మంట వెలిగించాడు.

అప్పుడు మా గేటు తెరుచుకుంది. అమ్మ డబ్బా ఒక చేత్తో, పానా ఒక చేత్తో పట్టుకుని, ఏ తొందరా లేకుండా, తన మామూలు నడకతో వచ్చి రిబ్బను ముందు నిలబడింది. రిబ్బను గారు చాలా సౌమ్యంగా, వంతెన ఉంది కదమ్మా, ఎక్కితే ఆరోగ్యానికి కూడా మంచిది అన్నాడు.

"మీరెక్కారా?"

తనకు కారు ఉందన్నాడు ఆయన.

"నాకు కాళ్ళున్నాయి. కాస్త పక్కకు జరగండి, అన్నం చల్లారిపోతుంది."

రిబ్బను గారు నా వైపు తిరిగాడు. ఎవరీవిడ, ఇక్కడి నుంచి పంపించండి అన్నాడు. అవతల గుమ్మంలో మంచం కనిపిస్తున్నది. మంచం మీద మనిషి ఇటు తిరిగి ఉంది, రెండు రోజులుగా తిననిది. నా చెవుల్లో రక్తం హోరెత్తింది. డాక్టరు ఎదురుగా ఉంటే ఈ పుస్తకం చించి ఆయన చేతిలో పెట్టేవాణ్ణి. కాని నాకు అరవడం చేతకాదు. నాకు చేతనైనది ఒకటే. ఫైలు తెరిచాను.

"ఈవిడ నిందితురాలు సార్. కడ్డీ తీసింది ఈవిడే. మా అమ్మ."

వెల్డరు మంట ఆర్పేశాడు. కొలతలాయన టేపు సర్రున చుట్టుకుపోయింది.

నా జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా, చదివినట్టుగా మాట్లాడాను. నేరము జరిగిన స్థలమును విచారణ ముగియు వరకు యథాతథముగా ఉంచవలెనని నియమము. ఆ సందు నేరస్థలము. దానిని పూడ్చుట సాక్ష్యమును నాశనము చేయుట. అట్లు చేయువారు ఎంతటి హోదా గలవారైనను వారి పేరును ఇదే ఫైలులో చేర్చు అధికారము విచారణాధికారికి కలదు. ఈ మాట అంటూ పెన్ను మూత తీశాను. రిబ్బను గారు తన కత్తెరను మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

విచారణ ఎప్పటికి ముగుస్తుందని అడిగాడు.

"సమగ్రంగా చెయ్యమని మీరే గీత గీసి ఇచ్చారు సార్. సమగ్రానికి గడువు రాయలేదు."

ఈమె ఇప్పుడు దాటడమేమిటి మరి, అది నేరం కాదా అని కొలతలాయన ఉండబట్టలేక అడిగాడు. నేరమే అన్నాను. ఏ తీరున జరిగిందో నేను కళ్ళారా చూడాలి కదా, చూడకుండా నివేదిక ఎలా రాస్తాను అన్నాను. వెల్డరు తల అటు తిప్పుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి.

ఎగువన సిగ్నలు పడింది. అవతలి సగం ఖాళీ అయింది. అమ్మ రిబ్బనును పానాతో పైకి ఎత్తి, కిందుగా వంగి, సందులోంచి అవతలికి అడుగు పెట్టింది. నేను సాయం పట్టలేదు. పట్టుకోబోయి ఆగాను. ఆవిడ అవతలి అంచు చేరాక ఇటు తిరిగి, అందరికీ వినపడేలా అడిగింది:

"సాయంత్రం కూడా విచారణ ఉందిగా?"

మధ్యాహ్నం నాకు తాఖీదు వచ్చింది. నడవడిక గురించి సంజాయిషీ ఇవ్వాలట, విచారణ ఎందుకు మరొకరికి అప్పగించకూడదో తెలపాలట. అప్పగించే నియమం ఏదో చెప్పవలసిందిగా ఫైలు నిబంధనల విభాగానికి వచ్చింది. అంటే నా బల్ల మీదికి. పరిశీలనలో ఉంచాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. తమ్ముడు ఫోను చేశాడు. పిన్ని డబ్బా ఖాళీ చేసి, ఆలస్యమైనందుకు అమ్మను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టిందట.

ఇప్పుడే తయారు చేసిన ఉత్తర్వును, రేపు జారీ చేయు నిమిత్తము, ఇక్కడ కూడ నమోదు చేయడమైనది:

మధ్య కంచె విచారణ ముగియు వరకు సందును ఎవరును పూడ్చరాదు. నేరము జరిగిన తీరును నిర్ధారించుటకై నిందితురాలు ప్రతి దినము ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి, వేడి అన్నము సహితముగా, కాలినడకన, అదే నేరమును విచారణాధికారి సమక్షమున తిరిగి చేయవలెను. ఒక్క పూట తప్పినను దానిని విచారణకు సహకరించకపోవుటగా పరిగణించి కఠిన చర్య తీసుకొనబడును. నిందితురాలి చెల్లెలు జీవించి ఉన్నంత కాలము విచారణ ముగియరాదు. ఈ నిబంధన అంతిమము. దీనిపై అప్పీలు లేదు.